కిటికీ ఉన్న గది

మా యూనివర్సిటీలో సామాజిక శాస్త్రాలన్నీ సమానమేనని ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఆ సమానత్వాన్ని అంతస్తులవారీగా అమలు చేశాం. మూడో అంతస్తులో ఎకనామిక్స్, దానికి ఏసీ. రెండో అంతస్తులో పొలిటికల్ సైన్స్, దానికి ఫ్యాను. మొదటి అంతస్తులో హిస్టరీ, దానికి ఫ్యాను తగిలించే కొక్కెం. కింద జనరేటర్ పక్కన సోషియాలజీ. ఆ శాఖకు ఉన్నది ఒక గది, ఒక మేడమ్, పదకొండుమంది విద్యార్థులు.

ఎకనామిక్స్ వారిని సామాజిక శాస్త్రవేత్తలంటే నొచ్చుకుంటారు. ఫిజిక్స్ వారికి దగ్గర చుట్టాలమంటారు. ఫిజిక్స్ వారు ఆ చుట్టరికం ఇంకా ఒప్పుకోలేదు.

ఈ మధ్య ఎకనామిక్స్‌కు భవిష్యత్తును అంచనా వేసే కేంద్రం ఒకటి మంజూరైంది. దానికి కిటికీ ఉన్న గది కావాలి. ఏసీ చల్లదనం పోకూడదని తమ కిటికీలన్నీ వారు ఇటుకలతో మూయించేశారు. అందుకని మేడమ్ గది అడిగారు. అది పోతే ఆవిడ మెట్ల కింద పాఠం చెప్పుకోవాలి. అక్కడ ఆరుగురికి మించి పట్టరు. పదిమంది లేని శాఖను ఎత్తేయాలని రూలు.

వైస్ చాన్సలర్ గారు ధర్మం తప్పని మనిషి. "సమాజం గురించి ఎవరికి బాగా తెలుసో గది వాళ్లదే" అన్నారు. శుక్రవారం ఆయన ఉపన్యాసం ఉంది. ఎంతమంది వస్తారో రెండు శాఖలవారూ ముందే రాసివ్వాలి.

ఎకనామిక్స్ వారు ఆరు రోజులు తలుపులేసుకుని నలభై పేజీల నివేదిక తయారుచేశారు. మనిషి తెలివైనవాడనీ, ఊరికే వచ్చే జ్ఞానాన్ని వదులుకోడనీ మొదటి పేజీలోనే అనుకున్నారు. చివరి పేజీలో ఎనిమిది వందల పన్నెండు పాయింట్ నాలుగుమంది వచ్చారు. ఆఫీసు సూపరింటెండెంటుగా నేను ఎనిమిది వందల పదమూడు కుర్చీలు వేయించాను.

మేడమ్ హాలు ఊడ్చే ఆయా దగ్గరికెళ్లారు.

"ఏమ్మా, శుక్రవారం ఎంతమంది వస్తారంటావ్?"

"టీ ఇస్తారా మేడమ్?"

"ఇవ్వరు."

"మీటింగు మూడింటికి, ఆఖరి బస్సు మూడున్నరకి. ఇంకెవరుంటారు? ఉద్యోగం పర్మినెంటు కానివాళ్లు పంతొమ్మిదిమంది. పాపం, వాళ్లు రాక చస్తారా!"

మేడమ్ చీటీ మీద పంతొమ్మిది అని రాసిచ్చారు.

పంతొమ్మిదిమందే వచ్చారు. రెండుసార్లు లెక్కపెట్టాను. నాకైతే ఈల వేయాలన్నంత సంతోషం కలిగింది.

ఎకనామిక్స్ హెడ్డు గారు హుందాగా లేచారు. "మా అంచనా తప్పలేదు. జనం తప్పారు. ఏడు వందల తొంభైమూడు పాయింట్ నాలుగుమంది ఇవాళ బాధ్యత లేకుండా ప్రవర్తించారు" అని ఖండించారు. బోర్డు మీద ఒక వంకర గీత గీసి, దాని మీదుగా ఇంకోటి గీసి, అవి కలిసిన చోట సుద్దముక్కతో పొడిచారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని అరగంట నిరూపించారు. బస్సు వెళ్లిపోయింది. పంతొమ్మిదిమందీ చప్పట్లు కొట్టారు.

"మీరెలా చెప్పగలిగారు?" అని మేడమ్‌ను అడిగారు వైస్ చాన్సలర్.

"ఆయాని అడిగానండి. బస్సు టైము చెప్పింది."

హాలంతా ఉసూరుమంది.

"మేడమ్ చెప్పింది నాకు ఇట్టే బోధపడింది" అని తీర్పు చెప్పారాయన. "నాబోటివాడికి బోధపడేది శాస్త్రమెలా అవుతుంది? హెడ్డు గారు చెప్పినదాంట్లో ఒక్క ముక్క తలకెక్కలేదు. అదీ విద్వత్తంటే!"

గది తాళంచెవి మేడమ్ చేతిలోంచి నేనే తీసుకున్నాను. సిగ్గేసింది. "మీరూ ఒక గీత గీయాల్సింది మేడమ్" అన్నాను. ఆవిడ నవ్వి, సుద్దముక్కల డబ్బా చంకనబెట్టుకుని మెట్ల కిందికి వెళ్లారు.

ఇది చదివి మీరు పళ్లు కొరుకుతూ ఉంటారు. నేనూ కొరికాను. సోమవారం మా అమ్మాయి, "మేడమ్ దగ్గరే చదువుకుంటా నాన్నా" అని ఏడ్చింది. నచ్చజెప్పి ఎకనామిక్స్‌లో చేర్పించాను. అక్కడ ఏం చెబుతారని ఎదురింటాయన అడిగితే, నాకు తెలిసినంతవరకు వివరించాను. ఆయనకేమీ బోధపడలేదు. వెంటనే చెప్పులేసుకుని, వాళ్లబ్బాయికి ఫారం తేవడానికి బయల్దేరాడు.