చెవిన పడితేనే మైల

కూతురి పెళ్ళి వారంలోకి వచ్చేసరికి లలితకుమారి ఇంట్లోని ఫోన్లన్నీ లాక్కుని బియ్యం డబ్బాలో పాతిపెట్టింది. సింగపూర్ హౌగాంగ్‌లోని ఆ ఫ్లాట్‌లో అంతకంటే లోతైన చోటు మరొకటి లేదు.

"ఒసే, అందులో నా ఆఫీసు ఫోనుందే!" అన్నాడు భర్త రాజారావు.

"మీరు లేకపోయినా ఆఫీసువాళ్ళకి తెలీదు. కాకినాడవాళ్ళు మాత్రం చావు కబురు చెప్పకుండా ఊరుకోరు."

కాకినాడ ఆస్పత్రిలో రాజారావు బాబాయి రామయ్య కరోనాతో ఆక్సిజన్ మీద ఉన్నాడు; పిన్ని రత్తమ్మకు ఉత్త జ్వరమేనన్నారు. ఇక్కడ కావ్యశ్రీ పెళ్ళి అదే కరోనా నిబంధనలతో ఇప్పటికే రెండుసార్లు ఆగింది. మళ్ళీ ఆగితే ఈ సంబంధం మాకు అచ్చిరాలేదనుకుంటామని పెళ్ళికొడుకు ప్రణవ్ తల్లి మొహమాటం లేకుండా చెప్పేసింది. బాబాయి పోతే ఇంటిపేరువాళ్ళందరికీ మైల. మైలలో పెళ్ళి లేదు.

లలితకుమారి చదివింది తొమ్మిదో తరగతే. అయినా పంతులుగారి నోటి నుంచి ఒక ముక్క మాత్రం గట్టిగా పట్టుకుంది. దూరాన పోయినవాళ్ళ మైల, ఆ కబురు చెవిన పడ్డ క్షణం నుంచే మొదలవుతుందట.

"చెవిన పడకపోతే మనిషి బతికున్నట్టే," అని తీర్పు చెప్పింది.

"మరి వాట్సాప్‌లో చదివితే? అది చెవి కాదుగా, కన్ను," అన్నాడు రాజారావు. ఆయనకు కాఫీ కంటే వాదన ఇష్టం.

"చదివేటప్పుడు లోపల మనకి మనమే వినిపించుకుంటాం. అదీ విన్నట్టే."

"దండేసిన ఫొటో పంపితే? దండ పెళ్ళిలోనూ వేస్తారుగా!"

"మొహం చూస్తే తెలిసిపోదూ! పెళ్ళిలో ఎవరైనా అంత ప్రశాంతంగా ఉంటారా?"

"ఇంగ్లీషులో చెబితే?"

"నాకు మైల రాదు. మీకు వస్తుంది."

కావ్యశ్రీ గోళ్ళ రంగు ఆరబెట్టుకుంటూ తలెత్తి సింగపూర్ ఇంగ్లీషులో అంది. "మమ్మీ, కెనాట్ లైక్ దట్ లా! తాతయ్య నిజంగా పోయుంటే?"

"నోర్ముయ్! తథాస్తు దేవతలు ఇక్కడ కూడా తిరుగుతుంటారు."

ఫోను మోగి డబ్బాలో బియ్యం గరగరమన్నప్పుడల్లా ఆమె పరుగెత్తేది. తవ్వి చూస్తే తెరమీద బాబాయి పేరే. ఒకసారి రాజారావు చెయ్యి చాపాడు. "బతికున్నాడే! ఆయనే చేస్తున్నాడు!"

"ఫోను ఆయనది. గొంతు ఎవరిదో ఎవరికి తెలుసు? పోయినవాళ్ళ ఫోన్లోంచే కదా ఇప్పుడు అందరికీ కబుర్లు పెడుతున్నారు."

తండ్రి లేని రాజారావును పెంచింది ఆ బాబాయే. కలిపిన అన్నం కంచంలోనే వదిలి లేచాడు.

"సర్కారుకి పెళ్ళీ చావూ ఒకటేనే, తలకాయలు లెక్కపెట్టడమే," అన్నాడు చెయ్యి కడుక్కుంటూ. "నీకే ఇన్ని తేడాలు."

అనుకున్న ముహూర్తానికే, ఫ్లాట్ హాల్లోనే, లెక్కపెట్టి పిలిచిన చుట్టాలు మాస్కులతో దూరదూరంగా కూర్చుని చూస్తుండగా, ప్రణవ్ తాళి కట్టాడు. ఫొటో తీద్దామని లలితకుమారి తన ఫోను తవ్వి తీసింది. చేతిలోకి రాగానే అది మోగింది. బాబాయి పేరే. తాళి పడ్డాక ఇక భయమేమిటని వంటింట్లోనే ఎత్తింది.

వీడియోలో రామయ్యే. ముక్కుమీద గొట్టాలు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"అమ్మాయ్, తాళి కట్టేశాడా?"

"కట్టేశాడు మావయ్యగారూ! మీరు బాగున్నారు కదా!"

"తలంబ్రాలు?"

"అయ్యాయి."

"అప్పగింతలు?"

ఇంకా కాలేదంటే చూపించమంటాడు. ఆ గొట్టాల ముఖం వియ్యపురాలి కంటపడితే ఏమంటుందో! "అవీ అయిపోయాయి," అనేసింది.

"హమ్మయ్య. పిల్ల గోత్రం మారింది, ఇక దానికేమీ అంటదు. ఇప్పుడు విను తల్లీ. మీ రత్తమ్మత్తయ్య పోయింది. పక్క వార్డులోనే. చివరిచూపుకి నన్ను కదలనివ్వలేదు, దహనానికి మనవాళ్ళని రానివ్వలేదు. పెళ్ళయ్యేదాకా మీ చెవిన వెయ్యొద్దని అందరి చేతా నేనే ఒట్టేయించుకున్నాను."

తుమ్మితే భయం, తుమ్మకపోతే భయంగా బతికే లలితకుమారి, రత్తమ్మత్తయ్య కోసం ఒక్కసారి కూడా భయపడలేదు.

"మరి... అన్నిసార్లు ఫోను ఎందుకు చేశారు మావయ్యగారూ?"

"అది చెప్పడానిక్కాదమ్మా. ఏం కూర వండుకున్నారో అడుగుదామని. ఇక్కడ మాట్లాడేవాళ్ళు లేరు."

నర్సు వచ్చి ఫోను తీసుకున్నట్టుంది. తెర నల్లబడింది.

"ఏవే, అప్పగింతలకి రా!" హాల్లోంచి రాజారావు కేక.

విన్నవాళ్ళకే మైల. ఆ తీర్పు తనదే. ఇంటిల్లిపాది చెవులూ మూసిన మనిషి, తానొక్కతే వింది. హాల్లోకి వెళ్ళి గోడ పక్కనే ఆగిపోయింది.

"మమ్మీ, కమ్ లా! పాలల్లో చెయ్యి ముంచాలంట."

"మీటరు దూరం ఉండాలి. రూలు," అంది చేతులు వెనక్కి దాచుకుని.

"మన పిల్ల దగ్గర రూలేమిటే?"

"రూలు అందరికీ ఒకటే. మీరే అప్పగించండి."

"ఎంత క్రమశిక్షణండీ మీకు!" అని వియ్యపురాలు మెచ్చుకుంది.

రాజారావు కూతురి చేతిని పాలలో ముంచి ప్రణవ్ తల్లి చేతిలో పెట్టాడు. గోడ పక్కన లలితకుమారి భోరుమంది.

"ఎందుకే ఆ ఏడుపు? అత్తారుండే పుంగ్గోల్ ఎంత దూరమని?" అంటూ రాజారావు తడి చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. ఈ వారంలో మొదటిసారి ఆయన ముఖంలో నవ్వు. "ఇంక అన్నీ అయిపోయాయిగా. ఆ ఫోనిలా ఇయ్యి. బాబాయికి చేద్దాం. పిన్నికి కూడా పిల్లని చూపిద్దాం."

లలితకుమారి మాస్కు కళ్ళదాకా లాక్కుంది.

"ముందు మీరు భోంచెయ్యండి," అంది.