ముద్ర తగలని ఆరోగ్య పత్రం

లోకంలో జబ్బులు రెండే రకాలు: ఫారంలో పట్టేవి, పట్టనివి. మొదటి రకానికి మందుంది. రెండో రకం అసలు జబ్బే కాదని వయోజన జీవక్రియ పర్యవేక్షణ కేంద్రం ఏనాడో తేల్చేసింది.

బట్టల కొట్టు పెద్దాయనకు ఆ సంగతి తెలియదు. కళ్లు మూసుకుని అంచు నలిపి, అది ఏ నూలో, ఎన్ని ఉతుకులకు ఆగుతుందో చెప్పే మనిషి ఆయన. పెట్టుబడంతా పది వేళ్ల కొసల్లోనే ఉంది. ఆ వేళ్లకే తిమ్మిరి పట్టుకుంది.

కేంద్రంలో పరీక్ష చేసి రక్తం తక్కువుందన్నారు. రక్తం తక్కువైతే ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇవ్వాలని రూలు. (బి12 లోపం ఉందేమో ముందు చూడాలనీ, ఈ మాత్ర రక్తాన్ని నింపుతుంది గానీ ఆ లోపంతో చెడే నరాలను ఆపదనీ ఒక డాక్టరు పెద్దాయన ముందే అన్నాడు. ఆ డాక్టర్ను పార్కింగ్ విభాగానికి మార్చారు.)

పెద్దాయన మూడు నెలలు ఒక్క మాత్ర తప్పలేదు. ఖాళీ రేకు తిరిగిస్తేనే కొత్తది ఇస్తారు గనక తప్పే వీలూ లేదు. రక్తం కళకళలాడింది. తిమ్మిరి అరచేతిదాకా పాకింది.

ఆయన భార్యను వెంటబెట్టుకుని మళ్లీ కేంద్రానికి వెళ్లాడు. కౌంటర్లో మాత్రల ఉపపర్యవేక్షకురాలు కూర్చుని ఉంది.

"అమ్మా, పట్టుకీ గోనెపట్టాకీ తేడా తెలియట్లేదు. ముప్పై ఏళ్లుగా నా దగ్గరే కొనే గిరాకీ, నిన్న వచ్చి 'ఏంటి బాబాయ్, ఇది చూసే ఇచ్చావా?' అని గుడ్డ బల్లమీద పడేసి పోయింది."

"రక్తం బాగుంది కదండీ. తిమ్మిరి రక్తం కింద రాసుకున్న కంప్లయింటు. రక్తం సరైంది కాబట్టి తిమ్మిరి క్లోజయిపోయింది. మెసేజ్ వచ్చుండాలే?"

వచ్చింది. 'మీ తిమ్మిరి విజయవంతంగా ముగిసింది' అని అభినందించి, అయిదు చుక్కల్లో ఎన్నిస్తారని అడిగింది. వేలు ఎక్కడ పడిందో తెలియక పెద్దాయన అయిదూ ఇచ్చేశాడు.

"మరి ఆ బి12 పరీక్ష?"

"రక్తం తక్కువుంటేనే చీటీ రాస్తామండి."

"మాత్ర ఆపేస్తే రక్తం తగ్గుతుందిగా?"

"మాత్ర ఆపితే మీ ఆరోగ్య కార్డు ఆగిపోతుంది."

(బయట చేయించుకోవాలన్నా ఆ చీటీ కావాలి.)

పెద్దాయన బేరంలో అంత తేలిగ్గా లొంగే రకం కాదు. "చూడమ్మా, గంజి దట్టంగా పెడితే చివికిన గుడ్డ కూడా కొత్త తానులా నిలబడుతుంది. లోపల పోగు తెగుతూనే ఉంటుంది. మీ మాత్ర నా రక్తానికి గంజి పెట్టింది. ఒకసారి తడిపి చూడండి."

"తడపడానికి కాలమ్ లేదండీ."

"ఊరుకోండి," అంది భార్య. "ఆ ఫారం ఏమన్నా ఆ పిల్ల కన్నదా?" తర్వాత ఆ పిల్లవైపు తిరిగి, "రాత్రి ఈయన చొక్కా గుండీలు నేను పెట్టానమ్మా. అది ఏ కాలమ్‌లో రాస్తావో రాసుకో," అంది.

ఉపపర్యవేక్షకురాలు ఆ కాలమ్ కోసం కాసేపు వెతికింది. తర్వాత ఆరోగ్య పత్రం ముద్రించి ముందుకు తోసింది.

"మీరు పూర్తి ఆరోగ్యవంతులని పత్రం. కింద ముద్ర ఉబ్బెత్తుగా ఉంటుంది, వేలితో తడిమి నిర్ధారించాలి. కళ్లతో చూస్తే చెల్లదు."

పెద్దాయన తడిమాడు. ఇంకోసారి తడిమాడు. వ్యాపారంలో ఆయన ఏనాడూ లేని సరుకు ఉందని చెప్పలేదు.

"ఏమీ తగలట్లేదమ్మా."

ఆమె ముఖం మొదటిసారి మారింది. ఇంకో పత్రం తీసింది. అదీ నున్నగానే ఉందన్నాడు. ఏడో పత్రానికి పై అంతస్తు నుంచి ముగ్గురు అధికారులు పరుగున దిగివచ్చారు. ఏడింటిలోనూ ముద్ర తగల్లేదని ఆయన రాసిచ్చాడు.

విషయం తీవ్రమైనదని కేంద్రం గుర్తించింది. ఆ సాయంత్రమే ముద్ర యంత్రాన్ని సమగ్ర పరీక్షలకు పంపింది. దానికి చీటీ ఎవరూ అడగలేదు.