గోడ పడుతుందని ముందే రాసుకున్నాం

ప్రమాదాన్ని ఆపడం మొరటుతనం. దాన్ని పద్ధతిగా రాసుకోవడమే నాగరికత. నమ్మరా? తూంకుంటలో విల్లాలు కట్టే మా కంపెనీ సంగతి వినండి. నేనక్కడ ఆఫీసు కాగితాలు చూసేవాణ్ణి.

రిస్క్ రిజిస్టర్ అంటే తెలియని అమాయకుల కోసం చెబుతున్నాను. ప్రాజెక్టులో ఏ ప్రమాదం రావచ్చో, వస్తే ఎంత నష్టమో, దాన్ని ఎవరు చూసుకోవాలో ముందే రాసిపెట్టుకునే పట్టిక అది. 2013లో మా మేనేజర్ ధర్మేందర్ గారు ఏదో ట్రెయినింగుకు వెళ్లొచ్చి దాన్ని మొదలుపెట్టారు. అంతకుముందు సైటులో కుక్క కరిస్తే కుక్కను తరిమేవాళ్లం. ఎంత అనాగరికం! ఆ తర్వాత కుక్కను నమోదు చేసి, దానికొక బాధ్యుణ్ణి నియమించి, ప్రతి సోమవారం సమీక్షించాం. కుక్క కరుస్తూనే ఉంది. అయితేనేం, అంతా రికార్డులో ఉంది.

ఆ ఏడాది వానలకు ముందు, వెనకవైపు ప్రహరీ గోడ ఉబ్బిందని సైట్ ఇంజనీర్ వహాబ్ గమనించాడు. పునాదులు తవ్విన మట్టంతా ఆ గోడకే ఆనించి పోశాం మరి. గోడకు అవతల వజ్రమ్మ చాయ్ డబ్బా. మా సైటులో సగం మంది అక్కడ చాయ్ తాగాకే పనిలోకి దిగేవారు. జేసీబీ ఖాళీగా ఉంది కదా, ఒక్కపూట ఇస్తే మట్టి తీయిస్తానన్నాడు వహాబ్.

ధర్మేందర్ గారు నొచ్చుకున్నారు. రిజిస్టర్‌లో లేని ప్రమాదాన్ని తొలగిస్తే, తొలగించినట్టు ఎక్కడ చూపిస్తాం? కాబట్టి ముందు రాశాం. గోడ పడే అవకాశం: ఎక్కువ. నష్టం: తక్కువ. తక్కువెందుకంటారా? పడితే అవతలికి పడుతుంది. అవతలిది మన ప్రాజెక్టు కాదు!

అవతల మనిషి ఉందన్నాడు వహాబ్. పట్టికలో దానికి గడి లేదు. పోనీ ఆమెకైనా చెబుతానన్నాడు. లోపలి విషయాలు బయటివాళ్లకు చెప్పకూడదన్న నిబంధనను ధర్మేందర్ గారు చదివి వినిపించారు. వహాబ్ ఉద్యోగం మీద ఇల్లు నడుస్తోంది. ఊరుకున్నాడు.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం గోడ కూలింది. వజ్రమ్మ స్టవ్ ఆర్పి లేచేలోపే ఇటుకలు మీద పడ్డాయి. వహాబ్, కూలీలు చేతులతోనే ఇటుకలు తీసి ఆమెను బయటికి లాగారు. ప్రాణం దక్కింది గానీ కాలు నుజ్జయింది.

హెడ్డాఫీసు మమ్మల్ని మెచ్చుకుంది. అంచనా అక్షరాలా నిజమైంది కదా!

ధర్మేందర్ గారు నన్నూ వహాబ్‌నూ వెంటబెట్టుకుని ఆస్పత్రికి వెళ్లారు. కంపెనీ నిర్లక్ష్యం ఏమీ లేదని, గోడ సంగతి ముందే గుర్తించామని వజ్రమ్మకు ఓపిగ్గా వివరించారు. ఆమె అంతా విని, కట్టు కట్టిన కాలు వైపు చూసుకుంది.

"పడ్తదని మీకు ఎర్కనే గద సారూ. మరి నాకెందుకు జెప్పలే? డబ్బా గింత పక్కకు జరుపుకుంటుంటి గద."

వహాబ్ కళ్లు తుడుచుకుంటూ బయటికి నడిచాడు. మరునాడు పనిలోకి రాలేదు. వజ్రమ్మ తరఫున పోలీసు స్టేషనులో ఉన్నదున్నట్టు చెబుతానని కబురు పంపాడు.

రిజిస్టర్‌లో కొత్త వరస చేరింది. వహాబ్ నోరు విప్పే అవకాశం: ఎక్కువ. నష్టం: చాలా ఎక్కువ. ఈసారి మీటింగ్ లేదు, సమీక్ష లేదు. సాయంత్రానికల్లా కంపెనీ వకీలు వహాబ్ ఇంట్లో ఉన్నాడు!

వహాబ్ వినలేదు. వెళ్లి చెప్పి వచ్చాడు. కేసు నడుస్తోంది. నాకు మాత్రం ఒకటి అర్థమైంది. ప్రమాదాన్ని పరుగెత్తుకెళ్లి ఆపడం మాకూ వచ్చు. కాకపోతే అది మా మీద పడేదై ఉండాలి.