పొగడ్తకు పోయిన పుంజు

ఆ బుధవారం పొద్దున మికామి యోహేయి వేసుకున్న పథకం చాలా చిన్నది. పక్కింటి ఇమానిషి గారి కోడిపుంజు మెడ మీది ఈకలు మూడంటే మూడు సంపాదించాలి. మధ్యాహ్నానికల్లా వాటితో కెబారి కట్టెయ్యాలి. ఆదివారం ఏట్లో చేపలవేట మొదలవుతుంది.

కెబారి అంటే గాలానికి పట్టుదారం చుట్టి, దాని మెడ దగ్గర ఈకను తిప్పి, నీళ్ల మీద వాలిన పురుగులా కనిపించేట్టు కట్టే ఎర. చూడటానికి చిటికెనవేలి గోరంత ఉంటుంది, కట్టేవాడి ప్రాణమంతా అందులోనే ఉంటుంది. గాలం మరీ సన్నదైతే చేప దాన్ని వంచేసి పోతుంది, లావైతే ఎర మునిగిపోతుంది. ఇక ఈక సంగతి చెప్పనే అక్కర్లేదు. నిరుడు యోహేయి కొట్లో కొన్న ఈకలతో కట్టాడు. అవి నీళ్లు తగలగానే తడిసిన పిల్లి తోకలా అయిపోయాయి. ఒసాకా నుంచి వచ్చి వీధి చివర కాపురం పెట్టిన దోయి ఆ రోజు బుట్ట నింపుకుని వెళ్లాడు, యోహేయి జలుబు తెచ్చుకున్నాడు. ఆ ఉక్రోషంలో నోరు జారి పందెం కాశాడు. ఈసారి తక్కువ చేపలు పట్టినవాడు రాతివంతెన కింది మడుగు వైపు ఏడాదంతా కన్నెత్తి చూడకూడదు. యోహేయికి గాలం వెయ్యడం వాళ్ల నాన్న నేర్పింది ఆ మడుగు ఒడ్డునే. అది చేజారితే ఆదివారాలు ఏం చేసుకోవాలో అతనికి తెలియదు.

ఇమానిషి గారి పుంజు మెడ ఈకలు బిరుసుగా, నిగనిగలాడుతూ, నీళ్లకు లొంగనట్టు ఉంటాయి. అడిగితే ఆవిడ కాదనదు. చిక్కల్లా అడగడంలోనే ఉంది. క్యోటోలో, అందులోనూ ఆ వీధిలో పుట్టినవాడు ఫలానాది కావాలని నోరు తెరిచి అడగడు. దాని చుట్టూ ప్రదక్షిణ చేస్తాడు, ఎదుటివాళ్లు అర్థం చేసుకోవాలి. యోహేయి ట్రాము నడిపినన్నాళ్లూ గంట కూడా మొహమాటంగానే కొట్టాడు.

అందుకని కంచె దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు. "పిన్నిగారూ, మీ పుంజు ఎంత బాగుందండీ."

వాకిలి ఊడుస్తున్న ఆవిడ చీపురు ఆగిపోయింది. "ఏదో లెండి, పిచ్చి కోడి."

"అలా అనకండి. రోజూ తెల్లారకముందే దాని గురించే అనుకుంటూ లేస్తున్నాను."

ఆవిడ ముఖం పాలిపోయింది. "అయ్యో, అలాగా" అని లోపలికి వెళ్లిపోయింది. యోహేయి పని సగం అయిపోయిందనుకుని, ఇంటికొచ్చి గాలాలు ఏరుకుంటూ కూర్చున్నాడు. ఆ వీధిలో పొగడ్తకున్న అర్థం అతనికి తెలియక కాదు. మీ అమ్మాయి పియానో భలే వాయిస్తోందండీ అంటే కిటికీలు మూసుకోమని. పక్కవాళ్ల నోట వింటే అతనికీ ఠక్కున తెలిసేది, తన నోట వచ్చేసరికి తట్టలేదు.

మధ్యాహ్నం ఇమానిషి గారు మిఠాయి పెట్టెతో వచ్చి, గుమ్మంలో నడుము వంచి నమస్కరించింది. "మా కోడి వల్ల మీ వారికి నిద్ర కరువైందట తొకికో గారూ. మన్నించాలి."

ఆవిడ వెళ్లగానే తొకికో తలుపు వేసి మొగుడి వైపు తిరిగింది. "ఏమండీ, పిన్నిగారిని ఏమన్నారు?"

"కోడి బాగుందన్నాను."

"అంత మాట ఎలా అన్నారండీ?"

"ఈకల కోసమే."

"అయితే ఈకలు బాగున్నాయనాలి."

"అలా అంటే మీ కోడి ఈకలు మా ఇంట్లో పడుతున్నాయని దెప్పుతున్నాననుకోదూ?"

తొకికో ఆలోచించింది. అదీ నిజమే.

పుచ్చుకున్న పెట్టెకు బదులు పెట్టకపోతే పరువు దక్కదు. తొకికో అంతకన్నా పెద్ద టీ డబ్బా పట్టుకుని వెళ్లి, "మీ కోడి కూత వినకపోతే మాకు తెల్లారినట్టే ఉండదు పిన్నిగారూ" అని సర్దిచెప్పింది. దాంతో వ్యవహారం పెనం మీంచి పొయ్యిలో పడింది. మొగుడూ పెళ్లాలిద్దరూ కూడబలుక్కుని ఎత్తిపొడుస్తున్నారని ఇమానిషి గారు బెంబేలెత్తి, గూటి మీద పాత బొంతలన్నీ కప్పేసింది.

బొంతలు చూసి ఎదురింటివాళ్లు కారణం అడిగారు. సాయంత్రానికల్లా రిటైరైన ట్రాము డ్రైవరుకి చప్పుడు గిట్టదన్న వార్త వీధంతా పాకింది. వీధిలో పియానో వాయించే పిల్ల దాని మూత దించేసింది. టోఫూ అమ్మే అతను రోజూ ఊదుతూ తిరిగే బాకా జేబులో పెట్టుకుని దొంగలా నడిచివెళ్లాడు. ఒకరి తర్వాత ఒకరు మిఠాయి పెట్టెలతో వచ్చి క్షమాపణ చెప్పుకున్నారు. తొకికో తర్వాతి రెండు రోజులూ బదులు పెట్టెల కోసం బజారుకీ ఇంటికీ మధ్య తిరుగుతూనే ఉంది. యోహేయి చెయ్యి దాటిన సంగతిని చూస్తూ గాలాలకు ఉత్త దారం చుట్టుకున్నాడు.

శనివారం కోడి కూయలేదు. యోహేయి బారెడు పొద్దెక్కాక లేచి చూస్తే బొంతలు మడతపెట్టి ఉన్నాయి, గూడు ఖాళీగా ఉంది. కోడి కూరైపోయిందేమో అనుకున్నాడు. పరుగున వెళ్లి ఇమానిషి గారి గుమ్మంలో మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"పిన్నిగారూ, నాకు మీ పుంజు మెడ ఈకలు మూడు కావాలి. కెబారి కట్టుకోడానికి. ఇందులో ఇంకే అర్థమూ లేదు."

నడివీధిలో బట్టల్లేకుండా నిలబడ్డంత సిగ్గేసింది. ఆవిడ కాసేపు నమ్మలేనట్టు చూసి, తర్వాత కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"ఆ ముక్క బుధవారమే అనుంటే కోడినే ఇచ్చేద్దును కదయ్యా."

"ఇప్పుడెక్కడుందండీ?"

"మీకు కాస్త నిద్ర పడుతుందని నిన్ననే ఇచ్చేశాను. దోయి గారు వచ్చి, కోడిని వదిలించుకుంటున్నారట, నాకిచ్చెయ్యండి, ఈకలు కావాలి అన్నారు. మరీ అంత మొరటుగా అడిగేస్తే కాదనడానికి మాటలు దొరుకుతాయా?"

ఆదివారం ఏం జరిగిందో చెప్పడానికి పెద్దగా లేదు. దోయి బుట్ట నిండింది, యోహేయి బుట్టలో గడ్డిపరక పడింది. రాతివంతెన దాటుతున్నప్పుడు అతను కిందికి చూడలేదు. నాన్నకు ముఖం చూపించలేనివాడిలా చకచకా నడిచాడు.

సాయంత్రం దోయి చేపల పొట్లంతో నేరుగా వంటింటి దాకా వచ్చేశాడు. "ఇవి నీ వాటా మికామీ. నువ్వు కోడి మీద గోల చెయ్యకపోతే నాకా ఈకలు దొరికేవా? ఏంటి, ముఖం అలా పెట్టావు? మడుగు గురించా?"

"అబ్బే, అదేం లేదండీ."

"ఉంది. కావాలంటే కావాలని చెప్పు. లేదంటే నేను పోతా, ఆకలేస్తోంది."

తొకికో పొయ్యి దగ్గర్నుంచి మొగుణ్ని చూస్తోంది. ఈ కాలంలో అక్కడ నీళ్లు ఎంత తేటగా ఉంటాయో అన్న మాట యోహేయి నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాడు.

"నాకా మడుగు కావాలి. మా నాన్నది."

"తీసుకో. ఈకలు కూడా పట్టుకుపో, కోడి మెడ నిండా ఉన్నాయి. ఇంతోటి దానికి వీధంతా నోరు మూసుకోవాలా?"

యోహేయికి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. తొకికో చేపలకు ఉప్పు పట్టించి నిప్పుల మీద కాల్చింది, దోయిని కూడా కూర్చోబెట్టింది. ముగ్గురూ ముళ్లు మిగిలేదాకా తిన్నారు. చేపలు అద్భుతంగా కుదిరాయి. ఆ మాట మాత్రం యోహేయి పైకి అనలేదు.