డి.ఎన్.ఏ. రక్షణలో మా మిక్సీ

కొల్లేటి ప్రజల డి.ఎన్.ఏ. ఇకమీదట ప్రభుత్వ రక్షణలో ఉంటుందని మంత్రి నరసరాజుగారు ఏలూరు సభలో ప్రకటించారు. 2007లో అంత లోతుకు వెళ్ళి ఆలోచించిన మంత్రి మరొకరు లేరు. ఈ మహాకార్యంలో నా వంతు మిక్సీ.

నా క్లాస్‌మేట్ ప్రసన్నకుమారి తాడేపల్లిగూడెంలో లెక్చరరు. గుంటగలగరాకు సారం కణాల్లో డి.ఎన్.ఏ. తెగిపోకుండా కొంత కాపాడుతుందని పేపరు రాసింది. ఆ ఆకు తలనూనెకీ పచ్చడికీ పనికొస్తుందని మాత్రమే నాకు తెలుసు. కాలేజీ మిక్సీ పాడవడంతో ఏలూరులో మా ఇంటికొచ్చి రుబ్బేది. ఆ పేపరు పట్టుకుని మంత్రిగారు వేసిన కమిటీలో అలా నేను కూడా చేరాను, గృహిణుల ప్రతినిధిగా.

మొదటి మీటింగులోనే ప్రసన్న అడ్డుపడింది.

"అవి గాజుపళ్ళెంలో కణాలండీ, మనుషులు కారు. పైగా ముందు పెరాక్సైడ్ పోసి దెబ్బతీస్తేనే, ఆకు ఏపాటి కాపాడిందో తెలుస్తుందండీ."

మంత్రిగారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. "దెబ్బతీసే పని మాకు వదిలెయ్యండమ్మా."

కొల్లేటిలో నీళ్ళు అన్నిటికంటే పాడైన లంక గ్రామాన్ని ఎంచారు. పెరాక్సైడ్ అక్కర్లేదు. చిక్కల్లా ఒకటే, ఆ ఊరికి అప్పటికే మంచినీళ్ళ ఫిల్టరు మంజూరైంది. అది బిగిస్తే ఇక ఆకు దేన్నుంచి కాపాడాలి? ఆపేశారు.

ఆ ఊరి సుబ్బాయమ్మగారు వచ్చి, మనవరాలికి ఈ నెలలో మూడోసారి వాంతులని చెప్పుకుంది. వాంతులు వేరు, డి.ఎన్.ఏ. వేరని మంత్రిగారు ఓపిగ్గా బోధించారు.

ఆ ఊరికి ఆకురసం తాగించే ప్రయోగం కాగితం మీద ప్రసన్న సంతకం పెట్టకుండా లేచిపోయింది. సైన్సు చదివిన సంతకం కావలసి వచ్చింది. నా పేరు పక్కన బి.ఎస్సీ. అని చివరిసారి మా శుభలేఖలో అచ్చయింది. పెన్ను ఎవరిదో అందుకుని పెట్టేశాను.

పోల్చి చూడటానికి మంచినీళ్ళు తాగే కుటుంబం కూడా ఒకటుండాలట. గుండుగొలనులో కొల్లేటి వైపు తిరగాల్సిన లారీ తిన్నగా ఏలూరు వచ్చి, ఫిల్టరును మా పెరట్లో దించింది. ఊరంతటికీ సరిపడే ఫిల్టరు. ఇంట్లో నలుగురం.

ఎండలో ఒకరోజు సుబ్బాయమ్మగారు మనవరాలిని వెంటబెట్టుకుని, ఫిల్టరు కోసం అర్జీతో మా ఇంటికి వచ్చింది. దాహమంది. ఆమె ప్రయోగంలో మనిషి, మా నీళ్ళు తాగితే ఫలితం తారుమారవుతుంది. సైన్సు చదివినదాన్ని గనక ఆకురసం కలిపి ఇచ్చాను. ముఖం చిట్లించకుండా తాగింది.

"ఇందులో కలిపింది ఏ నీళ్ళండీ?"

"ఫిల్టరు నీళ్ళేనండీ."

పిల్లను ముందుకు జరిపి గ్లాసు చాచింది. "అయితే ఆకు తీసేసి దీనికి పొయ్యండమ్మా."

పోశాను. ఆ పిల్ల మూడు గ్లాసులు తాగింది. రికార్డులో "ఆకురసం, నాలుగు గ్లాసులు, ఫలితం సంతృప్తికరం" అని రాసి, కింద సంతకం పెట్టాను. పక్కన బి.ఎస్సీ. అని కూడా రాశాను.