వెర్లిన్ బండి వెనకాల

శుక్రవారం పొద్దున వంటింట్లో నిలబడి కాఫీ తాగుతూ వెర్లిన్ టోమ్సిక్ ఆనాటి కార్యక్రమం ప్రకటించాడు. పెందలాడే బయలుదేరాలి. పశువుల కంచెల మధ్య నుంచి పోయే కంకర రోడ్డు పట్టుకోవాలి. అందరికంటే ముందు ఆట జరిగే హార్స్‌లేక్ ఊరు చేరి, మైదానం మధ్యగీతకు సరిగ్గా ఎదురుగా కూర్చోవాలి.

నెబ్రాస్కా ఇసుక దిబ్బల్లో పెల్టన్ హైస్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఎక్కడ ఆడితే అక్కడ వెర్లిన్ ఉంటాడు. పదకొండుమందిని దింపేటంత మంది పిల్లలు లేక ఆ చుట్టుపక్కల బడులన్నీ ఎనిమిదిమందితోనే ఆడతాయి. అయినా ఆట ఉన్న రోజు ఊరు ఊరంతా తాళాలు వేసుకుని కదులుతుంది. ఈసారి మరీ ముఖ్యం. ఓడిన జట్టుకు ఈ ఏటికి ఆట కట్టు. పైగా హార్స్‌లేక్ మైదానానికి దీపాలు లేవు. ఏం తేలినా పొద్దు గుంకేలోపే తేలాలి.

"వంతెన మూసేశారుగా. చుట్టుదారికి బోర్డులు పెట్టారు, జట్టు బస్సు కూడా అలాగే పోతోందట. మనమూ అలాగే పోదాం," అంది అతని భార్య ఆర్డిత్.

"బోర్డులు దారి తెలియనివాళ్ల కోసం పెడతారు."

ఆర్డిత్ లోపలికి వెళ్లి మరో రెండు దుప్పట్లు తెచ్చి బండిలో పడేసింది.

ఊరి చివర పెట్రోలు బంకు దగ్గర తెలుపు నలుపు చారల చొక్కాలు వేసుకున్న నలుగురు ఒక కారు చుట్టూ నిలబడి దిక్కులు చూస్తున్నారు. ఆ రోజు ఆటకు రిఫరీలు వాళ్లే. పెద్ద రిఫరీ పేరు గేలెన్.

"హార్స్‌లేక్‌కి ఎలా పోవాలండీ? మమ్మల్ని వంతెన దగ్గర వెనక్కి పంపేశారు," అన్నాడతను వెర్లిన్ బండి ఆపి.

వెర్లిన్ ప్యాంటు పైకి లాక్కున్నాడు. అతన్ని ఎవరైనా దారి అడిగి చాలాకాలమైంది.

"చెప్తే అర్థం కాదు. నా వెనకే వచ్చేయండి."

ఈ మాట బడి బ్యాండు మాస్టారు చెవిన పడింది. రిఫరీలే వెళ్తున్నారంటే అదే సరైన దారి అయి ఉంటుందని తన వ్యాను వాళ్ల వెనక పెట్టాడు. వ్యానును చూసి మందుల షాపువాళ్లు, వాళ్లను చూసి గింజల గోదాము వాళ్లు, వాళ్లను చూసి మిగతా ఊరు. కంకర రోడ్డు ఎక్కేసరికి వెర్లిన్ అద్దంలో వరస చివర కనపడటం లేదు. దుమ్ము లేస్తోందని అందరూ లైట్లు వేసుకున్నారు.

కొంతదూరం పోయాక ఎదురుగా వస్తున్న గడ్డి ట్రక్కు ఒకటి పక్కకు తప్పుకుని ఆగింది. అందులోంచి ఒక ముసలాయన దిగి, టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు.

"చూశావా, మన జట్టంటే ఎంత గౌరవమో," అన్నాడు వెర్లిన్.

"గౌరవం సరే. కళ్లెందుకు తుడుచుకుంటున్నాడు?"

"దుమ్ము."

దారి రెండుగా చీలే చోట వెర్లిన్ బండి నెమ్మదించింది. ఎడమ పక్కా దిబ్బలే, కుడి పక్కా దిబ్బలే. ఫోను తీసి చూద్దామంటే ఆ దిబ్బల్లో సిగ్నలు ఉండదు. ఎటు తిరగాలో గుర్తు రావడం లేదని ఒప్పుకోవడానికి అతని నోరు ఎన్నడూ అలవాటు పడలేదు. అంతలో పక్కన ఆగి ఉన్న పోలీసు కారు ఎర్రదీపం వెలిగించి, నెమ్మదిగా ముందుకొచ్చి ఎడమ పక్కకు తిరిగింది. లోపలి కుర్రపోలీసు చెయ్యి బయటపెట్టి రమ్మని సైగ చేశాడు.

"పోలీసు మర్యాదలు కూడా ఏర్పాటు చేశారు," అన్నాడు వెర్లిన్ తృప్తిగా, స్టీరింగు తిప్పుతూ.

ఆ మర్యాద సాగి సాగి ఒక తెల్లటి చర్చి ముందు ఆగింది. ఊరు లేదు, మైదానం లేదు. చర్చి, దాని వెనక సమాధులు, గుమ్మం ముందు పొడుగాటి నల్లకారు. పోలీసు దిగి వెర్లిన్ బండి దగ్గరికొచ్చాడు. పేరు డెర్రిక్ అని చొక్కా మీద ఉంది.

"హల్ట్‌క్విస్ట్ గారి బంధువులు వస్తారు, దారి చూపించమన్నారు సార్. ఏదో రెండు కార్లన్నారు, ఇంతమంది ఉంటారని చెప్పలేదు." ఆగి, వెనక జట్టు రంగుల్లో దిగుతున్నవాళ్లను చూశాడు. "నారింజరంగు బట్టలేంటి సార్? ఆ ముఖాలకు రంగులేంటి?"

వెర్లిన్‌కు విషయం అర్థమైంది. లైట్లు వేసుకుని బళ్లు వరసగా పోతే అక్కడ శవయాత్ర అన్నమాట; దారిలో ముసలాయన టోపీ తీసింది జట్టుకు కాదు.

"వెళ్లి నిజం చెప్పు," అంది ఆర్డిత్ మెల్లిగా. "క్షమించమని అడిగి పోదాం పద."

గుమ్మంలో నల్లగౌను వేసుకున్న ఒక ముసలావిడ నిలబడి ఉంది. చనిపోయిన ఓరిన్ హల్ట్‌క్విస్ట్‌కు చెల్లెలు, లొవీనా. వెర్లిన్ టోపీ తీసి ఆమె వైపు నడిచాడు. నోరు తెరిచేలోపే ఆమె అతని రెండు చేతులూ పట్టుకుంది.

"ఎవరూ రారనుకున్నాను బాబూ. మేనల్లుళ్లు పొద్దున్నే ఫోను చేసి కుదరదన్నారు. ఊళ్లోవాళ్లకి ఇవాళ ఆటుందట. నేనూ పాస్టరుగారూ ఇద్దరమే సాగనంపాలేమోనని..." ఆమె అతని వెనక ఉన్న జనాన్ని చూసింది. "ఇంతమంది. మా అన్న మీకెలా తెలుసు?"

వెర్లిన్ వెనక్కి చూశాడు. ఊరంతా అతని వైపే చూస్తోంది. దిబ్బల అవతల ఎక్కడో జట్టు ఎదురుచూస్తోంది, పొద్దు ఎవరి కోసమూ ఆగదు. అతను గొంతు సవరించుకున్నాడు.

"ఓరిన్ కోసమే వచ్చామమ్మా," అన్నాడు, దారి చెప్పేటప్పుడు ఎంత ధీమాగా చెబుతాడో అంత ధీమాగా.

లోపలికి వెళ్తుంటే బ్యాండు మాస్టారు అతని మోచెయ్యి పట్టుకున్నాడు. "నీకేమైనా మతి పోయిందా? ఆట మొదలైపోతుంది."

"ఎలా మొదలవుతుంది? అటు చూడు."

పాస్టరుగారు రిఫరీ గేలెన్ దగ్గర నిలబడి ఉన్నారు. నలుగురూ ఒకే రకం చొక్కాలూ నల్ల ప్యాంట్లూ వేసుకుని కనపడేసరికి, శవపేటిక మోయడానికి ఏదో సంఘం వాళ్లు వచ్చారనుకున్నాడు ఆయన. గేలెన్ తల అడ్డంగా ఊపబోయాడు. ఇంతలో లొవీనా వచ్చి అతని చారల చేతిని నిమిరింది. ఊపబోయిన తల నిలువుగా ఊగింది.

పెల్టన్ వాళ్లు ఆటలో మోగించాలని పట్టుకొచ్చిన ఆవు గంటలు జేబుల్లోనే ఉండిపోయాయి. ప్రార్థనకు లేచిన ప్రతిసారీ చర్చి అంతా గణగణమంది, కూర్చున్న ప్రతిసారీ మళ్లీ గణగణమంది. ఆర్డిత్ సిగ్గుతో తల వంచుకుంది. లొవీనా మాత్రం వెనక్కి తిరిగి అందర్నీ చూసింది.

"మా అన్న జీవితమంతా ఆవులతోనే గడిపాడు," అంది కళ్లు ఒత్తుకుంటూ. "గంటలు తేవాలని మీకు ఎవరు చెప్పారో గానీ, చాలా సంతోషం."

ఆ తర్వాత ఎవరూ గంటలు దాచలేదు. శవపేటిక ముందు, పెల్టన్ వాళ్లు వెనకాల, సమాధి దాకా గంటలు మోగుతూనే ఉన్నాయి. పేటికను అంగుళం తేడా లేకుండా గుంతమీద సర్దగానే, బంతి గీత దాటినప్పుడు పాయింట్లు ప్రకటించడానికి లేచినట్టు గేలెన్ చేతులు రెండూ అలవాటుగా పైకి లేచాయి. సగంలో గ్రహించి వాటిని దండం కింద మార్చుకున్నాడు. పాస్టరు, ఇదేదో వాళ్ల సంఘం పద్ధతి కాబోలని, తనూ చేతులెత్తాడు.

లొవీనా ఒంటరిగా ఇంటికి పోనంది. వెర్లిన్, ఆర్డిత్‌ల మధ్య కూర్చుని వాళ్లతోనే బయలుదేరింది. డెర్రిక్ ఈసారి సైరను మోగిస్తూ ముందు వెళ్లాడు.

హార్స్‌లేక్‌లో పెల్టన్ జట్టు ఖాళీ గ్యాలరీ ముందు చలికి గంతులేస్తోంది. ఎదుటి గ్యాలరీ కిక్కిరిసి ఉంది. వచ్చేవాళ్లకని వండిన బీన్సు కూర, దాల్చిన చెక్క రొట్టెలు ఎదురుచూసి ఎదురుచూసి హార్స్‌లేక్ వాళ్లే తినేశారు. వాళ్ల ఆటగాళ్లు కూడా ఓ చెయ్యి వేశారు. బళ్ల వరస లోపలికి రాగానే ఈలలూ వెక్కిరింతలూ మొదలయ్యాయి.

"దారి తెలియకపోతే ఇంట్లో కూర్చోవాల్సింది," అని ఎవరో కేక వేశారు.

డెర్రిక్ నేరుగా వెళ్లి మైకు అందుకున్నాడు. "ఒక్క నిమిషం. పెల్టన్ వాళ్లు వచ్చే దారిలో ఆగి, మన ఓరిన్ హల్ట్‌క్విస్ట్‌ను సాగనంపి వస్తున్నారు. రిఫరీలు పేటిక మోశారు. మన ఊరి నుంచి అక్కడున్నది లొవీనమ్మ, పాస్టరుగారు, నేను. అంతే."

ఈలలు ఆగిపోయాయి. ఒక్కొక్కరూ లేచి నిలబడి టోపీలు తీశారు. చాలామంది నేల చూపులు చూశారు. హార్స్‌లేక్ బడి ప్రిన్సిపాలు మెట్లు దిగివచ్చి వెర్లిన్ చెయ్యి పట్టుకుని ఊపాడు.

"మా పొరపాటు మీరు దిద్దారు. ఓరిన్‌తో బాగా స్నేహమా?"

"ఈమధ్యే పరిచయమండీ," అన్నాడు వెర్లిన్.

ఆ మధ్యాహ్నం హార్స్‌లేక్ వాళ్లకు అరవాలంటే మొహమాటం అడ్డొచ్చింది. పెల్టన్ వాళ్లు బంతి పట్టినప్పుడల్లా లొవీనా ఆర్డిత్ గంట తీసుకుని వాయిస్తుంటే, ఆవిడకు వ్యతిరేకంగా అరిచే ధైర్యం ఒక్కడికీ లేకపోయింది. కడుపునిండా రొట్టెలు తిన్న హార్స్‌లేక్ ఆటగాళ్లు రెండో సగంలో పరుగెత్తలేక రొప్పారు. చివరి నిమిషాల్లో బంతి ఏదో, మనిషి ఏదో కనపడని మసకలో పెల్టన్ కుర్రాడు గీత దాటాడు. గేలెన్ చేతులు పైకి లేచాయి, ఈసారి పూర్తిగా.

పెల్టన్ శిక్షకుడు వెర్లిన్‌ను కావలించుకున్నాడు. బ్యాండు మాస్టారు అతని పేరు మీద డోలు కొట్టించాడు. లొవీనాను ఆమె ఇంటి దగ్గర దింపి, వెర్లిన్ హార్స్‌లేక్ కూడలికి వచ్చేసరికి బళ్లన్నీ లైట్లు వేసుకుని వరసగా ఆగి ఉన్నాయి.

"నాకోసమే ఆగారు పాపం," అన్నాడు అతను ఆర్డిత్‌తో, ఛాతీ పొంగి. కుడివైపు సూచించే లైటు వేసి, హుందాగా కుడివైపుకు తిరిగాడు.

అతను ఎటు తిరిగాడో చూసుకుని, మిగతా బళ్లన్నీ ఎడమవైపుకు తిరిగాయి. ఈసారి మాత్రం ఇంటికి సరైన దారి కుడివైపే.