నీలం పెట్టె రిహార్సలు

నరసరావుపేటలో ధనుంజయరావుగారి వేరుశనగ మిల్లులో ఉన్న నీలం పెట్టెను ఆదివారం సాయంత్రం తెరిచి చూస్తే, కిందటి ఆదివారం పడ్డ ఓట్లలో సగం కూడా లేవు.

ధనుంజయరావుగారు వెంటనే మిల్లు తలుపులు మూయించారు. నన్ను పక్కకు పిలిచి, మా పత్రికకు ఒక ప్రకటన చెప్పి రాయించారు: "ప్రజాహిత పక్షానికి ఓట్లు తగ్గలేదు. ఎవడో తగ్గించాడు. వాణ్ణి ఎన్నికల్లోగా పట్టుకుని పల్నాటి ప్రజల ముందు నిలబెడతాను."

ప్రతిపక్ష నాయకుడంటే అలా ఉండాలి. యుద్ధం ముగిసి, చట్టసభ ఎన్నికలు ముంచుకొస్తే, తక్కినవాళ్లు ఊరూరా తిరిగి గొంతులు పోగొట్టుకున్నారు. ఈయన మాత్రం శాస్త్రీయంగా ఆలోచించారు. మన ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో రంగు పెట్టె. ఓటరు తనకు నచ్చిన రంగు పెట్టెలో చీటీ వేస్తాడు. తీరా తెర చాటుకు వెళ్లాక రంగు మరిచిపోతే? అందుకని ప్రతి ఆదివారం మిల్లులో రిహార్సలు పోలింగు పెట్టారు. తమది నీలం పెట్టె, గెలుపు తమదేనని ధీమాగా ఉన్న పెద్ద పక్షానిది తెల్ల పెట్టె. చీటీ వేసి, ఉప్మా తిని పోవడమే. ఫలితాన్ని ఆ సాయంత్రమే ఊరంతా దండోరా వేయించేవారు. ప్రజాస్వామ్యంలో దాపరికం పనికిరాదని ఆయన సిద్ధాంతం.

ఆయన తెలివితేటల గురించి ఒక్క మాట చెప్పాలి. కోడిపందేల్లో ఒక్కసారైనా నష్టపోనివాడు పల్నాడు మొత్తంలో ఆయనొక్కడే. బరిలో తన పుంజు కాలు లాగుతున్నట్టు అనుమానం వస్తే చాలు, బావమరిది పున్నారావును చల్లగా అవతలికి పంపి ఎదుటి పుంజు మీద పందెం కాయించేవారు. దూరదృష్టి అంటే అది.

ఆ దృష్టి ఇప్పుడు పార్టీ కార్యదర్శి ఇన్నయ్య మీద పడింది. ఇన్నయ్య మిషను స్కూల్లో మేష్టరు ఉద్యోగం మానుకుని పార్టీలో చేరాడు. భార్య గ్రేసమ్మతో, ముగ్గురు పిల్లలతో మిల్లు పక్క గదిలో ఉంటున్నాడు.

"ఏమయ్యా ఇన్నయ్యా, పెట్టెలకు రంగేసింది నువ్వే గదా?"

"నేనేనయ్యా."

"తెల్ల పెట్టె అంత తెల్లగా ఎందుకేశావ్?"

"తెలుపు గదయ్యా..."

"చూశారా!" అన్నారు రావుగారు నావైపు తిరిగి. మళ్లీ ఇన్నయ్యతో, "ఎన్నికల్లోగా దొంగ దొరక్కపోతే దొంగవి నువ్వే. గది ఖాళీ చేద్దువుగాని" అన్నారు.

నకరికల్లు నుంచి బొగ్గుతో నడిచే తన బస్సులో ఓటర్లను తోలుకొచ్చే ఖలందర్ అడ్డుపడ్డాడు.

"రావుగారూ, ఆయనదేముంది? ముందు మీరు దండోరా ఆపండి. 'తెల్లపెట్టె లేస్తందంట, ఓడేదాంట్లో ఏసి ఏం లాభం' అని బస్సంతా ఒకటే మాట."

"పల్నాటి ప్రజలు అంత నీతిలేనివాళ్లు కారు ఖలందర్!" అని రావుగారు మందలించి, దండోరాకు రెండో డప్పు కూడా కట్టించారు.

తరవాతి ఆదివారం తెల్ల పెట్టెను వేరుశనగ బస్తాల వెనక దాచారు. జనం బస్తాలెక్కి వెళ్లి వేశారు. నూజెండ్ల ముసలాయన ఒకడు జారిపడి, కుంటుకుంటూ మళ్లీ ఎక్కాడు. ఆ పై వారం ఉప్మాకు బదులు వేటకూర వడ్డించారు. మారు వడ్డించుకుని మరీ తిని, తెల్లదాంట్లోనే వేశారు. బయటివాళ్లను నమ్మేది లేదని ఇంకో వారం ఒక్క కార్యకర్తలనే పిలిచారు. పందొమ్మిది మంది కార్యకర్తలు, నీలం పెట్టెలో మూడే ఓట్లు. డప్పులు ఆ సంగతీ చాటాయి.

చివరి రిహార్సలుకు మిగిలింది అయిదుగురే: రావుగారు, ఆయన భార్య నాగేంద్రమ్మగారు, పున్నారావు, ఖలందర్, ఇన్నయ్య. పత్రికవాణ్ణి కాబట్టి నేను సాక్షిని. ముందు ప్రమాణాలు. రావుగారు వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి, "నీలంలోనే వేస్తాను" అన్నారు. భార్య, బావమరిది అలాగే ఆర్పారు. ఖలందర్ అల్లా మీద ఒట్టేశాడు. ఇన్నయ్య బైబిలు మీద చెయ్యి పెట్టాడు. ఒక్కొక్కరే తెర చాటుకు వెళ్లొచ్చారు.

నీలం పెట్టె తెరిచారు. ఖాళీ.

రావుగారు దాన్ని తలకిందులు చేసి అడుగున తట్టారు. చిన్న సాలెపురుగు రాలింది.

"దొరికావురా ఇన్నయ్యా! సాయంత్రానికి గది ఖాళీ కావాల!"

ఇన్నయ్య తల వంచుకున్నాడు. "ఒప్పుకుంటున్నానయ్యా. గది ఎటూ పోయేదే గదా, గెలిచేవాళ్లన్నా చేరదీస్తారేమోనని తెల్లదాంట్లో వేశా. కానీ అయ్యా, నాది ఒక్క చీటీయే."

రావుగారు భార్యవైపు చూశారు.

"నావంక చూడబాకండి" అన్నది నాగేంద్రమ్మగారు. "ఓడిపోతన్నారని వారం వారం వీధిలో డప్పు కొట్టించింది మీరేనాయె."

"ఒరేయ్ పున్నారావ్, నువ్వు గూడానా?"

"నువ్వు చెప్పకపోయినా నీ మనసు నాకు తెలుసు గదా బావా. పుంజు కాలు లాగుతంది. అవతల కాశా."

ఖలందర్ గొంతు సవరించుకున్నాడు. "నా బస్సు పర్మిట్టు రేపు వాళ్లే గదయ్యా ఇయ్యాల్సింది."

ఇన్నయ్య తెల్ల పెట్టె తెరిచి చీట్లు బల్ల మీద పరిచాడు. ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టాడు.

"మావి నాలుగయ్యా. ఇక్కడ అయిదున్నాయి."

ధనుంజయరావుగారు కండువా తీసి ముఖం తుడుచుకుని, వేరుశనగ బస్తా మీద కూర్చున్నారు.

"కర్పూరం ఆర్పేటప్పుడు నీలంలోనే ఏద్దామనుకున్నానయ్యా, ఒట్టు. తెర చాటుకు పోయా. నా పెట్టే, నా చీటీయే. కానీ పోయిన వారం ఓడిన పెట్టె గదా అది. పుట్టి బుద్ధెరిగినాక ఓడేదాని మీద చిల్లికానీ కూడా కాసినవాణ్ణి కాదు. చెయ్యి దానంతటదే పక్కకు పోయింది. ఏం చెయ్యమంటావ్? ఇన్నయ్యా, గది ఖాళీ చెయ్యబాకలే. మన తెల్లపెట్టెవాళ్లు గెలిచినాక నీ స్కూలు ఉద్యోగం సంగతి నేను మాట్లాడతా."